ఒత్తు జారిన చోట

అభ్యసన వైకల్యాన్ని నిర్ధారించడం పిల్లవాడు చేసిన తప్పులను లెక్కపెట్టే పని కాదు, ఆ తప్పులు ఏ రకానివో తేల్చే పని. రక్తపరీక్షకు గాని స్కానింగుకు గాని అందని ఈ లోపాన్ని పట్టుకోవడానికి పరీక్షించేవారి చేతిలో ఉండేవి ఒక పాఠం, ఒక పెన్సిలు, కొంత ఓపిక మాత్రమే.

1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాలలో దీనికి చోటు లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, చదవడం, రాయడం, లెక్కలు చేయడం వంటి పనుల్లో ఎదురయ్యే ఈ ఇబ్బందిని ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యం’ పేరుతో చేర్చింది. 2018 జనవరిలో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతిలో గాని ఎనిమిదేళ్ల వయసులో గాని బడిలోనే తొలి పరిశీలన జరగాలి. ఆపై పిల్లల వైద్యులు చూపునూ వినికిడినీ చూసి, మనస్తత్వ నిపుణులు ప్రజ్ఞాలబ్ధిని, అంటే వయసుతో పోల్చి లెక్కగట్టిన తెలివి స్థాయిని కొలిచి, వాటిలో కారణం దొరకనప్పుడే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షలకు వెళ్లాలి.

పలికినట్టే రాసే లిపి గనుక తెలుగు సులువన్న నమ్మకం సగమే నిజం, ఎందుకంటే గుణింతాలూ ఒత్తులూ కలిసి పిల్లల ముందు వందల రూపాలను నిలబెడతాయి. ‘కష్టం’ అని చెప్పి రాయిస్తే ఒకడు ‘కషటం’ అని రాస్తాడు. అతడికి శబ్దాలన్నీ వరుసగానే అందాయి, ఒత్తు కట్టడమే రాలేదు. ‘కటం’ అని రాసినవాడి దగ్గర శబ్దమే జారిపోయింది కనుక, ఆ మాటను ముక్కలుగా విడదీసి పలకమని నోటితో అడిగి చూడాలి. ‘భూమి’ని ‘బూమి’ అని రాసినవాడు మాత్రం ఇంట్లో విన్నదే రాశాడు, అందులో వైకల్యం వెతకనక్కరలేదు. ఎర్ర సిరాకు మూడూ ఒకటే. ఒక్క మాటతో ఏదీ తేలదు గనుక, అదే తప్పు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మాటల్లో తిరిగి వస్తోందో లేదో చూడాలి.

ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనూ 2016 నుంచి జనగామ జిల్లాలోనూ ఉన్న రఘునాథపల్లి వంటి మండలంలో ఈ పని మరింత సున్నితమైనది. ఇంట్లో లంబాడీ, ఊళ్లో తెలుగు మాట్లాడే తండా పిల్లకు 2022-23 నుంచి సర్కారు బడిలో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. ఆమె చేతికి ఇంగ్లీషు పాఠమిచ్చి, తడబడిందని వైకల్యం ముద్ర వేయడం అన్యాయమే. బాగా వచ్చిన భాషలోనూ అదే ఇబ్బంది కనిపించాలి. ఈ ఊరి మీదుగా పోయే రైలు చేరుకునే సికింద్రాబాదులోనే, బోయినపల్లిలో మేధో వైకల్యం గలవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థలో, అక్కడి నిపుణురాలు జయంతి నారాయణ్ తరగతి స్థాయిని కొలిచే పరీక్షను తయారుచేశారు. నాలుగో తరగతి పిల్లకు మూడో తరగతి పాఠం, అదీ రాకుంటే రెండోది ఇస్తూ, ఆమె నిజంగా నిలబడిన మెట్టును వెతకడం అటువంటి పరీక్ష పద్ధతి.

2018 మార్గదర్శకాల ప్రకారం వైకల్య ధ్రువపత్రాన్ని పద్నాలుగేళ్లకూ పద్దెనిమిదేళ్లకూ మళ్లీ పొందాలి, పద్దెనిమిదేళ్లప్పుడు ఇచ్చినది జీవితాంతం చెల్లుతుంది. కాని చిన్నతనంలో ఎవరూ గుర్తించని పెద్దవారి సంగతి వేరు: వారిలో చాలామంది చదివేటప్పుడు పెద్దగా తప్పులు చేయరు, పేరాను సరిగానే చదువుతారు, కాకపోతే తోటివారికి ఒక నిమిషం పట్టేచోట మూడు నిమిషాలు తీసుకుంటారు. అందువల్ల అక్కడ తప్పుల పట్టీ పక్కన గడియారం పెట్టుకోవాలి, చిన్ననాటి ప్రోగ్రెస్ కార్డులు అడగాలి. అవి చాలా ఇళ్లలో ఎప్పుడో పాత కాగితాల బండికి పోయి ఉంటాయి.