క్లార్క్‌లో తర్వాత ఏది?

ఆదిబట్లలో ఉద్యోగం చేసే మా బొంగులూరు కుర్రాడొకరు ఆర్థర్ సి. క్లార్క్ రాసిన ‘రాండెవూ విత్ రామా’ పూర్తి చేసి, “అన్నా, ఇగ రామా టూ షురూ చెయ్యాల్నా?” అని అడిగాడు. ఇప్పుడే వద్దన్నాను.

తర్వాతి పుస్తకాన్ని నేను అట్ట మీది అంకెను బట్టి ఎంచుకోను. లోపలి పేజీ తిప్పి ఏ సంవత్సరంలో వచ్చిందో, ఎవరు రాశారో చూస్తాను. ‘రామా’ 1973 నాటిది, క్లార్క్ ఒక్కడే రాసింది. ‘రామా టూ’ 1989లో జెంట్రీ లీతో కలిసి రాసింది. దాంట్లో మనుషుల గొడవలెక్కువ. రామా అనే ఆ అంతరిక్ష ఓడ ముందు నోట మాట రాని ఆశ్చర్యం తక్కువ.

సంవత్సరం చూడమనడానికి ఇంకో కారణముంది. క్లార్క్ ‘2001’ నవల 1968లో, మనిషి చంద్రుడి మీద అడుగు పెట్టకముందే వచ్చింది. నవలలో ఓడ శనిగ్రహం దాకా వెళ్తుంది, అదే కథతో కుబ్రిక్ తీసిన సినిమాలో గురుగ్రహానికే. 1979లో వాయేజర్ నౌకలు గురుడి చందమామలను దగ్గర నుంచి చూపించాయి. 1982లో దానికి కొనసాగింపుగా ‘2010’ రాసేటప్పుడు క్లార్క్ తన నవలను పక్కనపెట్టి సినిమా దారి పట్టాడు, కథ గురుగ్రహానికి మారింది. ఇది తెలియక చదివితే అచ్చుతప్పేమో అనుకుంటాం. తెలిసి చదివితే ఆ రచయిత మీద గౌరవం పెరుగుతుంది. నాకు పెరిగింది.

‘రామా’ తర్వాత నేను చేతిలో పెట్టేది 1979 నాటి ‘ది ఫౌంటెన్స్ ఆఫ్ పారడైజ్’. భూమి నుంచి అంతరిక్షంలోకి లిఫ్ట్ కట్టే కథ. దానికి భూమధ్యరేఖ కావాలి. అందుకని, 1956 నుంచి శ్రీలంకలోనే ఉన్న క్లార్క్, ఆ ద్వీపాన్ని దక్షిణానికి జరిపి తాప్రొబేన్ అని పేరు పెట్టాడు. లిఫ్ట్‌కు పనికొచ్చే కొండ మీద బౌద్ధ మఠం ఉంది. ఆ కొండే కావాలంటాడు ఇంజనీరు మోర్గన్, వదిలేది లేదంటారు భిక్షువులు.

ఈ తగాదా మనకు కొత్త కాదు. మా ఊరి మీదుగా పోయే సాగర్ రోడ్డు చివర డ్యాం కట్టినప్పుడు నాగార్జునకొండ లోయలోని బౌద్ధ ఆరామాలు మునిగిపోయాయి. 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికి చేర్చారు. నీళ్లూ కావాలి, ఆరామాలూ కావాలి. క్లార్క్ తన నవలలో ఇంజనీరుకూ భిక్షువులకూ, రెండు పక్షాలకూ గౌరవమిచ్చి రాశాడు. అందుకే ఆయన పుస్తకాల్లో తెలుగు పాఠకుడికి అన్నిటికన్నా దగ్గరిది ఇదేనని నా నమ్మకం.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ‘రామా టూ’ కనబడితే కొని ఉంచుకోండి. చదవడం మాత్రం తాప్రొబేన్ చూసొచ్చాకే.