చేదు దిగిన పైపు

చుట్ట కాల్చేవాళ్లకు ఈ బెంగ లేదు. కాలిపోయాక మిగిలేది కాస్త నుసి, దులిపేస్తే సరి. పైపు సంగతి వేరు. అందులో కాల్చిన ప్రతి పొగాకూ తన వాసనను కొయ్యలో కొంత దాచిపెట్టి పోతుంది. ఇంగ్లిష్ పైపు ప్రియులు దాన్ని ‘దెయ్యం’ అంటారు. పొగబెట్టి ఆరబెట్టిన సైప్రస్ లటాకియా ఆకును ఏళ్ల తరబడి కాల్చిన పైపులో ఆ తర్వాత ఏ పొగాకు వేసినా ముందు కట్టెల పొయ్యి వాసనే వస్తుంది. ఇంగ్లండ్‌లోని కెండల్ ఊళ్లో చేసే పూల పరిమళపు పొగాకుది ఇంకా మొండిపట్టు.

మంచి పైపులు ఎక్కువగా బ్రయర్‌తో చేస్తారు. మధ్యధరా ప్రాంతంలో పెరిగే ఓ పొద వేరు మొదట్లో ఊరిన గడ్డ అది. తొందరగా కాలదు, తేమను పీల్చుకుంటుంది. తారును పట్టి ఉంచేదీ ఆ గుణమే.

దాన్ని వదిలించేందుకు ముందు గిన్నె లోపలి మసి పొరను గీకాలి. పైపు చల్లారాకే నోట పెట్టుకునే గొట్టాన్ని విడదీయాలి, వేడి మీద తిప్పితే కాడ చీలుతుంది. కాడ రంధ్రంలో పైపు క్లీనర్ దోపి, గిన్నెలో దూది కూరి, డ్రాపర్‌తో ఆల్కహాల్ చుక్కచుక్కగా పోసి రాత్రంతా కదపకుండా ఉంచాలి. నీళ్లకు లొంగని జిడ్డు తారు ఆల్కహాల్‌లో కరిగి దూదిలోకి దిగుతుంది. తెల్లారేసరికి ఆ దూది చిక్కటి డికాక్షన్ రంగులో ఉంటుంది. వాసన చూస్తే కడుపులో తిప్పుతుంది. దూది బదులు ఉప్పు నింపడం పాత పద్ధతి. ఉప్పు కొయ్యలోకి చేరి పగుళ్లు తెస్తుందనే భయంతో చాలామంది దాన్ని మానేశారు.

ఏ ఆల్కహాల్ అన్నది ముఖ్యం. అమెరికాలో 95 శాతం ఎవర్‌క్లియర్ వాడతారు. రమ్ములో, విస్కీలో సగానికి పైగా నీళ్లే, కొయ్య ఉబ్బుతుంది. శుభ్రం చేశాక క్లీనర్‌ను అందులో ముంచి ఒకసారి తిప్పితే మాత్రం కమ్మటి వాసన వస్తుంది. మిథైలేటెడ్ స్పిరిట్ జోలికి అసలు పోకూడదు. తాగకుండా అందులో విషం కలుపుతారు, పైపేమో నోట్లో పెట్టుకునేది. గిన్నె బయట చుక్క పడినా నష్టమే. మన వడ్రంగులు స్పిరిట్‌లో కరిగించి పూసే లక్క పాలిషే చాలా పైపులకూ ఉంటుంది, చుక్క తగిలిన చోటల్లా లేచిపోతుంది.

ఈ కాలమ్ రాసే మనిషి దగ్గర అలాంటి పాత పైపు ఒకటుంది. రెండు రాత్రులు దూది మార్చి, వారం ఆరబెట్టాక చేదు దిగింది. ఎబొనైట్ గొట్టం మీద పాత యజమాని పంటిగాట్లు రెండున్నాయి. మంట సెగ చూపిస్తే అవి చాలావరకు పూడతాయి. ఆ పని ఇంకా చేయలేదు, చేయాలనీ లేదు.