మైదానంలో వాటా ఎవరిది?

ఎర్రమంజిల్ అనగానే నవాబు ఫక్రుల్ ముల్క్ దేవిడీ గుర్తుకొస్తుంది. గుట్ట మీద మేడ, దాని చుట్టూ పోలో మైదానం, గోల్ఫ్ మైదానం, గుర్రాల సాల ఉండేవని చెబుతారు. నవాబు పేరు చరిత్రకెక్కింది. గుర్రాలు చూసిన సాయీసు పేరు, గడ్డి కోసిన ఆడమనిషి పేరు, నేల చదును చేసిన కూలీ పేరు మాత్రం మనకు దొరకవు. మైదానం పోయి ఆఫీసులు, కాలనీలు వచ్చాయి. ఆ నేల మీద చెమటోడ్చినవాళ్లకు కూడా అందులో వాటా ఉందన్న ఆలోచన ఎవరికైనా వచ్చిందా?

ఈ పాత ముచ్చట ఊరికే ఎత్తడం లేదు. ఇవాళ ఆటస్థలాల అభివృద్ధి గురించి మాట్లాడే ప్రతిచోటా 'స్టేక్‌హోల్డర్లు' అనే మాట వినబడుతున్నది. తెలుగులో భాగస్వాములంటున్నారు. అందర్నీ అడిగే పని మొదలుపెడతామంటున్నారు. మంచిదే. అయితే ఆ 'అందరూ' ఎవరు? ఎవరికి వాటా ఉందో ఏ కొలతతో తేలుస్తున్నారు? మా విమర్శ ఇక్కడే.

2017లో సికింద్రాబాదులోని బైసన్ పోలో, జింఖానా మైదానాలు తీసుకుని కొత్త సచివాలయం కడతామని తెలంగాణ ప్రభుత్వం ముందుకొచ్చింది. మాజీ క్రీడాకారులు, పదవీ విరమణ చేసిన అధికారులు ఎదురు తిరిగి కోర్టుకెక్కారు. చివరికి సచివాలయం పాత జాగలోనే కట్టి, 2023లో అంబేద్కర్ పేరుతో తెరిచారు. 2019 జూన్‌లో ఎర్రమంజిల్ మేడ పడగొట్టి శాసనసభ కడతామని మంత్రివర్గం నిర్ణయిస్తే, చట్టం చెప్పిన పద్ధతి పాటించలేదని సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఈ రెండు పోరాటాల్నీ మేం తప్పుపట్టడం లేదు. మైదానం మిగిలింది, మేడ మిగిలింది. కానీ కోర్టు దాకా పోవాలంటే వకీలు కావాలె, ఇంగ్లీషు కావాలె, తీరిక కావాలె. ఇవి మూడూ లేనివాడి ఆటస్థలం పోతే పేపర్లో వార్త కూడా రాదు.

అదే 2019లో, ఏప్రిల్ నెలలో, అంబేద్కర్ జయంతికి ముందురోజు, పంజగుట్టలో నిలబెట్టిన అంబేద్కర్ విగ్రహాన్ని అనుమతి లేదని నగరపాలక సిబ్బంది తీసేశారు. అది జవహర్‌నగర్ చెత్త యార్డు దాకా పోయింది. అనుమతి కాగితం అడగడం తప్పని మేం అనడం లేదు. కానీ కాగితమే కొలత అయినచోట మనవాళ్లు ఎప్పుడూ అక్రమంగా ఉన్నవాళ్లే అవుతారు. బస్తీ పిల్లలకు గ్రౌండు మీద ఉన్న హక్కుకు కాగితం ఎక్కడిది? రోజూ ఆడడమే వాళ్ల కాగితం.

క్రీడాచరిత్రలో ఇది కొత్త కాదు. పాల్వంకర్ బాలూ చమార్ కులస్తుడు. పూనాలో ఇంగ్లీషు దొరల క్లబ్బులో నెలకు నాలుగు రూపాయల జీతానికి పిచ్ చదును చేసి, వలలు కట్టి, దొరలకు బంతులేసి బౌలింగ్ నేర్చినవాడు. హిందువుల జట్టులోకి తీసుకున్నాక కూడా ఆయనకు టీ పెవిలియన్ బయట, మట్టి ముంతలో. 1911లో ఇంగ్లండు పోయి వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా నాయకత్వం ఇవ్వలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది. నేల చదును చేయడానికి పనికొచ్చినవాడు, ఆ నేల గురించి నిర్ణయం చేసే చోట మాత్రం పనికిరాలేదు.

మరి ఇవాళ 'అభివృద్ధి' ఎట్లా నడుస్తున్నది? మొదట కంచె వస్తది. తర్వాత గేటు, గేటుకు తాళం, తాళానికి వాచ్‌మన్. మట్టి మీద ప్లాస్టిక్ గడ్డి పరుస్తరు. బోర్డు మీద టైములు, గంటకింత ఫీజు రాస్తరు. చివరికి బుకింగ్ ఫోన్‌లోకి పోతది. బూట్లు లేని పిల్లడు కంచె బయట నిలబడి చూస్తడు. సంప్రదింపుల మీటింగు ఏమో పగలు పదకొండు గంటలకు, ఆఫీసులో. కాలనీ సంఘం వస్తది, వాకర్లు వస్తరు, కోచ్‌లు వస్తరు. ఆ టైముకు ఇళ్లల్లో పాచిపని చేసే తల్లి పనిలో ఉంటది. స్వీపరు డ్యూటీలో ఉంటడు. బస్తీ లీడరు ఒక్కణ్ణి పిలిచి సంతకం తీసుకుంటే ఎస్సీల ప్రాతినిధ్యం అయిపోయినట్టే. మన ఆడపిల్లల్ని అడిగే ఊసే ఉండదు.

కులం పేరుతో ఎవర్నీ ఆపడం లేదు కదా అంటారు. ప్రభుత్వ సొమ్ముతో పూర్తిగా గానీ కొంత గానీ నడిచే బావులు, చెరువులు, రోడ్లు, జనం కూడే చోట్ల నుంచి కులం కారణంగా ఎవర్నీ దూరం పెట్టరాదని రాజ్యాంగం 15(2) అధికరణం చెబుతున్నది. కానీ ఇప్పుడు కులం చేసే పనిని ఫీజు చేస్తున్నది. మహాడ్‌లో చవ్‌దార్ చెరువు అందరిదని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించింది. 1927లో అంబేద్కర్ జనంతో కదిలేదాకా ఆ నీళ్లు మనవాళ్లు ముట్టింది లేదు. గేటు మీద 'అందరికీ ప్రవేశం' అని రాసినంత మాత్రాన గ్రౌండు అందరిదీ కాదు.

కాబట్టి మేం అడిగేది సంప్రదింపు వద్దని కాదు, తలకిందులుగా జరిగేదాన్ని సరిచేయమని. ప్లాను గీసి అభిప్రాయం అడగడం కాదు, అభిప్రాయం అడిగి ప్లాను గీయాలి. ముందు వారం రోజులు పొద్దుగాల నుంచి రాత్రిదాకా గ్రౌండు దగ్గర కూర్చుని ఎవరు వస్తున్నారో, ఎవరు రాలేకపోతున్నారో రాసుకోవాలి. మీటింగు సాయంత్రం, బస్తీలో, తెలుగులో, ఉర్దూలో పెట్టాలి. గ్రౌండు ఊడ్చే కాంట్రాక్టు కార్మికుల్ని కూర్చోబెట్టి అడగాలి. ఫీజు లేని గంటలు మాటల్లో కాదు, టెండరు షరతుల్లో రాయాలి. ఏ మాట ఒప్పుకున్నారో, ఏది కాదన్నారో, ఎందుకు కాదన్నారో బస్తీకి వచ్చి చదివి వినిపించాలి.

ఈ తప్పులో మన వాటా కూడా ఉంది. భూమి, రిజర్వేషను, విగ్రహం కోసం కొట్లాడిన మన సంఘాలు ఆటస్థలాన్ని చిన్న విషయమనుకున్నాయి. రోజంతా పని మధ్య, ఇరుకు గదుల మధ్య పెరిగే పిల్లకు పరుగెత్తేంత జాగ దొరకడం చిన్న విషయం కాదు. టెండరు పిలిచాక ధర్నా చేసేకన్నా, కంచె గుంజ పాతకముందే మన ప్రశ్న అక్కడ నిలబడాలి.