వారుణి ఎవరి కూతురు?

మా మాదిగపాళెంలో సారాని సారా అనే అంటారు. దానికి 'వారుణి' అనే పేరు కూడా ఉందని నేను బి.ఏ. తెలుగు చదవడానికి టౌనుకెళ్లినాకే తెలిసింది.

ఓ రోజు క్లాసులో మా మాస్టారు సూర్యాస్తమయ వర్ణన చెప్తున్నారు. వారుణి అంటే వరుణుడి దిక్కు, పడమర. మద్యమనే అర్థం కూడా ఉంది. వారుణి పొందు మరిగిన సూర్యుడు ఎర్రబడి, తూలి, కింద పడ్డాడట. సంస్కృత కవులు మోజుపడి వాడుకున్న శ్లేష ఇది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను. నవ్వు గొంతులోనే ఆగింది. అంతకుముందు ఆదివారమే మా నాయన అట్లాగే ఎర్రబడి, తూలి, కాలవగట్టున పడిపోతే అమ్మా నేనూ మోసుకొచ్చాం. ఆ పడటంలో ఏ అలంకారమూ లేదు.

ఆ తర్వాత అమరకోశం తిరగేశాను. రెండో కాండలో మద్యం పేర్లు వరసగా ఉన్నాయి. సుర, హాల, వరుణాత్మజ, కాదంబరి, మదిర. ఇవన్నీ ఏ వర్గంలో ఉన్నాయనుకున్నారు? శూద్రవర్గంలో! చండాల, మాతంగ, జనంగమ అనే మన పేర్లున్నదీ ఆ వర్గంలోనే. కావ్యాల్లో మధుపానం చేసేది రాజులూ, రాణులూ. నిఘంటువు మాత్రం ఆ పద్దు మన ఖాతాలో రాసింది.

పురాణాల లెక్క ఇంకా తమాషా. రామాయణం బాలకాండలో పాలసముద్రం నుంచి పుట్టిన వారుణిని దేవతలు తీసుకున్నారు, దితి కొడుకులు వద్దన్నారు. సురను పుచ్చుకున్నోళ్లు సురులు, వద్దన్నోళ్లు అసురులు. భాగవతానికొచ్చేసరికి కథ తిరగబడింది. వారుణిని తీసుకున్నది అసురులు. అక్కడ తాగనోడు రాక్షసుడు, ఇక్కడ తాగినోడు రాక్షసుడు. తాగినా తాగకున్నా ఓడినోడిదే తప్పు. మా వాడలకు 'తాగుబోతులు' అని పేరు పెట్టిన తర్కమూ ఇదే.

1980ల్లో ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం తన సారా పథకానికి 'వారుణి వాహిని' అని పేరు పెట్టింది. వాహిని అంటే నది. సైన్యం కూడా. సారా అంటే కంపు కొడుతుందని కాబోలు, కావ్యాల్లోంచి మాట తెచ్చి దానికి పట్టుచీర కట్టారు. నది మాత్రం మా కూలోళ్ల గుడిసెల మీదుగానే పారింది.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం వెలిగింది. మా అమ్మా రాత్రిబడికి పోయింది. కూడబలుక్కుని చదవడం వచ్చాక నన్నడిగింది.

"వారుణంటే ఏంది నాయనా?"

"వరుణదేవుడి కూతురమ్మా."

"కూతురా? వాళ్ల కూతురైతే వాళ్లింట్లోనే పెట్టుకోమను. నా కూతురి నోటికాడ కూడు లాక్కోను ఆమెనెందుకు తోలినారంట?"

నేను చాలా వ్యాఖ్యానాలు చదివాను. ఆ మాటకు ఇంతకన్నా సూటి వ్యాఖ్యానం చూడలేదు. 1992లో దూబగుంట ఆడోళ్లు సారాని అడ్డుకున్నప్పుడు జిల్లా అంతా కదిలింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధమయింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో పోయింది. పేర్లు మార్చుకుని వారుణి మళ్లీ వచ్చింది.

ఇక మన సంగతి. పై కులాల కావ్యాలనే కడిగి కూర్చుంటే సరిపోదు. మనలోనూ కొందరం తాగుడే మన సంస్కృతన్నట్టు రాస్తున్నాం. నేనూ రాశాను. నాయన చేతిలో సారాగ్లాసుని తిరుగుబాటు జెండా చేసి ఓ కవిత కట్టి, అమ్మకు వినిపించాను. అంతా విని, "బాగానే ఉండాది. ఆ రాత్రి నన్ను తన్నింది రాయలేదే?" అంది. ఆ కవిత చించేశాను.

అందుకే చదువుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. పద్యంలోగానీ, పాటలోగానీ, మనోళ్ల కవితలోగానీ వారుణో మధువో సారానో కనబడితే అర్థం దగ్గరే ఆగొద్దు. తాగిందెవరు, అమ్ముకున్నదెవరు, ఆ పూట పస్తున్నదెవరు అని అడగండి. అమ్మ అడిగినదానికి అమరకోశంలో జవాబు లేదు. అది మనమే రాయాలి.