దళంలో కాలిబంటు: తెలంగాణ సాయుధ పోరాట సాహిత్యంలో సామాన్య యోధుని జీవితం

వీరగాథల్లో కాలిబంటుకు పేరు దొరకడం అరుదు. సేనాని పేరు నిలుస్తుంది. సేన అంకెగా మిగులుతుంది. 1946-51 నాటి తెలంగాణ సాయుధ పోరాట సాహిత్యం ఈ సంప్రదాయాన్ని కొంత మార్చింది. అయితే సామాన్య యోధునికి పేరు ఇచ్చినంత సులువుగా అది జీవితాన్ని ఇవ్వలేకపోయింది. నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేలతో సంబంధమున్న రచనలను పక్కపక్కన ఉంచి చదివితే ఈ వెలితి కనిపిస్తుంది.

జనగామ తాలూకా కడవెండిలో 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అతని అన్న మల్లయ్య గాయపడ్డాడు. అప్పటికింకా సాయుధ దళాలు లేవు. జనం చేతుల్లో ఉన్నవి గుత్పలు, వడిసెలలే. గొర్రెల కాపరుల కుటుంబంలో పుట్టి సంఘంలో చేరిన ఆ యువకుడు ఆనాటి నుంచి పాటల్లోకి ప్రవేశించాడు. బుర్రకథకూ గొల్లసుద్దులకూ అటువంటి ఘట్టమే కావాలి. కథ ఉద్రేకానికి ఎక్కి మరణం దగ్గర పరాకాష్ఠ చేరుతుంది. అందువల్ల కొమరయ్య మరణదినం ఊరూరా తెలుసు. అతని దినచర్య తెలియదు.

నవలలో చిక్కు వేరు. మానుకోట ప్రాంతపు చినగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య స్వయంగా పోరాటంలో పాల్గొన్నవాడు. అయినా ‘చిల్లర దేవుళ్లు’లో పాఠకుడు గడీని చూసేది ప్రధానంగా బయటినుంచి వచ్చిన సంగీతజ్ఞుడు పాణిని వెంట. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లో ఆ స్థానం కంఠీరవానిది. ఈ రెండూ సాయుధ దశకు ముందుకాలపు కథలు కనుక వాటిలో దళసభ్యుణ్ణి వెతకడం న్యాయం కాదు. కాని ఆలోచనాపరుడైన ఒక యువకుని వెంట గ్రామాన్ని చూపే పద్ధతిని అవి స్థిరపరిచాయి. ఆ పద్ధతికి దళంలోని పాలేరు ఎప్పుడూ దూరపు మనిషే. ‘దళం వచ్చింది, దళం వెళ్లింది’ అన్న వాక్యంలో ఏకవచన కర్త పదిమందినీ మింగేస్తుంది.

పుచ్చలపల్లి సుందరయ్య గ్రంథం ఈ పదిమందికి పేర్లు సమకూర్చింది. సుమారు 4,000 మంది ప్రాణాలు కోల్పోయారని లెక్క చెప్పడంతో ఆగక, ఎందరో సామాన్యులను ఊరి పేరుతో సహా నమోదు చేసింది. అజ్ఞాత జీవితంలో మారుపేర్లతో తిరిగిన మనుషుల విషయంలో ఇది చిన్న పని కాదు. అయినా అక్కడ కూడా చాలామంది జీవితం మొదలయ్యేది చివరి ఎదురుకాల్పులతోనే.

నిజమైన మలుపు 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’. ఇందులో యుద్ధమంటే ముఖ్యంగా నడక, ఆకలి, కాపలా, అన్నం పెట్టే ఇంటికోసం వెతుకులాట. 1948 సెప్టెంబరు సైనిక చర్య తరువాత దళాలు మైదానం వదిలి గోదావరి వైపు అడవుల్లోకి వెళ్లాయి. నేటి మహబూబాబాద్ తూర్పు అంచు, భూపాలపల్లి ఆ అటవీ మండలంలోనివే. కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాలకు తరలించడంతో దళానికి తిండీ సమాచారమూ కరువయ్యాయి. యుద్ధవ్యూహంగా చరిత్రకారుడు చెప్పే ఈ విషయం దళసభ్యునికి ఖాళీ కడుపుగా అనుభవానికి వచ్చింది. మానుకోట ప్రాంతపు దళసభ్యురాలు ఒకామె తన పసిబిడ్డను పరులకు అప్పగించిన వైనం ఈ సంపుటంలో ఉంది. బిడ్డ ఏడుపు దళం జాడ బయటపెట్టగలదు. వీరరసానికి లొంగని ఈ ఘట్టాన్ని ఆ తరపు పాటగానీ నవలగానీ తాకలేదంటే, అది రచయితల నిర్దయ వల్ల కాకపోవచ్చు. వారు స్వీకరించిన ప్రక్రియల్లో త్యాగానికి చోటుంది గాని, త్యాగం తరువాత మిగిలిన సందేహానికి లేదు.

1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. నాయకుల చరిత్ర అక్కడినుంచి 1952 ఎన్నికల వైపు సాగుతుంది. ఈ సంపుటంలోని స్త్రీల కథనాలు మాత్రం దళం వదిలి ఇంటికి వచ్చిన తరువాతి పేదరికంలోకి, లోకం అనుమానపు చూపులోకి సాగుతాయి.