పక్క జేబు

కర్ణాటకలో మా కైవారం చుట్టుపక్కల రేష్మె పురుగులు పెంచే ఇళ్ళలో ఆడవాళ్ళకు తెల్లారితే చేతినిండా పని. ఆకు కోయాలి, తరగాలి, మేత వేయాలి, తట్టలు శుభ్రం చేయాలి. వాళ్ళు పెంచిన గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు పోతాయి. ఆ పట్టు ఎక్కడో పెళ్ళిచీర అవుతుంది. వాళ్ళ ఒంటి మీద మాత్రం కాటన్ నైటీ, వాకిట్లోకి వస్తే దాని మీదొక తువ్వాలు.

ఆ నైటీలు మా అత్త కుట్టేది. కుట్టడం నేను ఆమె మిషను దగ్గరే నేర్చుకున్నాను. కొత్త బట్టను ముందు నీళ్ళలో నానబెట్టించేది, కుట్టాక కుంచించుకుపోకుండా. కొలతలకొచ్చిన మనిషిని చేతులెత్తమనేది, గొంతుక్కూర్చోమనేది. "యోగి నారేయణ తాతయ్య గాజులమ్మిన ఊరే ఇది. గాజు తొడిగేవాళ్ళు ముందు చెయ్యి పట్టి చూస్తారు. మనమూ అంతే" అనేది. లోపల రెండు వేళ్ళ బట్ట వదిలేది, ఒళ్ళు వస్తే విప్పుకోవడానికి. కుడిపక్క కుట్టులో జేబు తప్పకుండా పెట్టేది. తాళంచెవి, చిల్లర అందులోనే.

అమెరికా దుస్తుల డిజైనర్ క్లేర్ మెకార్డెల్ గురించి చదివినప్పుడు నాకు మా అత్తే గుర్తొచ్చింది. యుద్ధకాలంలో పనిమనుషులు దొరక్క గృహిణులు ఇంటిపని తామే చేసుకుంటుంటే, 1942లో ఆమె ఒంటికి చుట్టి కట్టుకునే గౌను తయారుచేసింది. ధర 6.95 డాలర్లు. పెద్ద జేబు, వేడి గిన్నె పట్టుకునే చేతితొడుగు దానితోనే వచ్చేవి. 1947లో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ నడుము బిగించే గౌన్లకు మళ్ళీ పేరు తెచ్చినా, ఆమె తన దారి వదల్లేదు. 1955లో టైమ్ పత్రిక ముఖచిత్రంగా ఆమెను వేసింది.

మా అత్త పేరు ఏ పత్రికలోనూ రాలేదు. అయినా ఇద్దరిదీ ఒకే విద్య. తాము కూడా వేసుకునే బట్టనే తయారుచేశారు కాబట్టి, చంక ఎక్కడ పడుతుందో, వంగితే ఎక్కడ లాగుతుందో వాళ్ళకు ఒంటితో తెలుసు. నైటీని "ఒళ్ళు బద్ధకం బట్ట" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒకసారి దాన్ని తిరగేసి లోపలి కుట్టు చూడండి. పనిచేసే ఒంటి మీద గౌరవంతో కుట్టిన బట్ట అది.

అక్కచెల్లెళ్ళారా, ఈసారి కొలతలిచ్చేటప్పుడు చేతులెత్తి చూపండి, కూర్చొని చూపండి. పక్క జేబు అడిగి మరీ కుట్టించుకోండి.