ఏ చేపకి కత్తి?

భీమడోలు దాటి కొల్లేటి వైపు తిరిగే దారిలో ఒక కొలిమి ఉంది. మూడేళ్ల కిందట అక్కడికి వెళ్లి, "తాతగారూ, నాకు కత్తి చెయ్యడం నేర్పుతారా?" అని అడిగాను. ఆయన పట్టకారు దించకుండానే ఎదురు ప్రశ్న వేశారు. "ఏ చేప కొయ్యడానికి బాబూ?"

కత్తి గురించి చాలా ఆలోచించుకునే వెళ్లాను. చేప సంగతి తట్టలేదు. మా ఇంట్లో ఎక్కువగా వండేది గుర్తు చేసుకుని "కొరమీను" అన్నాను. "అయితే జానెడు మించొద్దు. వెన్ను పల్చగా ఉండాలి" అని మళ్లీ పనిలో పడిపోయారు. కత్తి ఆకారం, పొడవు, మందం, ఆఖరికి ఉక్కుకి పట్టే పదును కూడా ఆ ఒక్క ప్రశ్నలోంచే పుడతాయని నాకు అర్థం కావడానికి ఆర్నెల్లు పట్టింది.

కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. నాలుగైదు కేజీల బొచ్చె తలను చింతమొద్దు మీద రెండుగా చీల్చాలంటే కత్తికి బరువు కావాలి. వెన్ను పావంగుళమైనా ఉండాలి, అంచు మరీ సన్నగా ఉంటే ముల్లు తగిలి ఊడిపోతుంది. కొరమీను అలా కాదు. బూడిద వేసి రాయి మీద తోమి జిగురు పోగొట్టాక, పొట్ట చీల్చేటప్పుడు కత్తి చేతి మాట వినాలి. ఇళ్లలో ఆడవాళ్లు ఈ రెండు పనులూ కత్తిపీట మీదే కానిచ్చేస్తారు. కత్తి కదలదు, చేపే కదులుతుంది. పీటను కాలితో తొక్కి పెడతారు కాబట్టి రెండు చేతులూ చేపకే. ఇంత తెలివైన పనిముట్టు వంటింట్లో మరొకటి లేదని నా అభిప్రాయం. ఇవి కాక తాడిచెట్టు ఎక్కేవాళ్ల గీత కత్తి వేరు, కొబ్బరి తోటలో కత్తి వేరు, వరి కోసే కక్కు కొడవలి వేరు. అన్నీ పుట్టేది ఆ ఒక్క కొలిమిలోనే. ఎవరి చేతికి, ఏ పనికి అన్నది తెలియకుండా కమ్మరి సుత్తి ఎత్తడు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు దాదాపు అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. మొదటి కత్తే సినిమాలో కత్తిలా ఉండాలని కోరుకుంటారు. అడుగున్నర పొడవు, వంకర మొన. పొడవు పెరిగిన కొద్దీ వంకరలు పెరుగుతాయి, నిప్పులో సమంగా కాగదు, ముంచేటప్పుడు మెలి తిరుగుతుంది. నాలుగైదు అంగుళాల అలుగుతో మొదలుపెట్టినవాడికి తప్పులు చిన్నవిగా వస్తాయి. పైగా మన దేశంలో ఆయుధాల నిబంధనల ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగు ఇంటిపనికో, వ్యవసాయానికో, పరిశ్రమకో ఉద్దేశించినది కాకపోతే ఆయుధం కిందికి వస్తుంది. వంటింటి కత్తి చేసుకుంటే ఆ తలనొప్పి కూడా ఉండదు.

ఇక ఉక్కు. ఇనుపముక్క కనిపించిందల్లా కత్తి కాదు. ఇల్లు కట్టగా మిగిలిన చువ్వ ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. దానిలో కార్బన్ 0.3 శాతం లోపే ఉంటుంది. లారీ కింద ఉండే కమాను పట్టీలో సుమారు 0.5 నుంచి 0.65 శాతం దాకా ఉంటుంది, సిలికానో క్రోమియమో మాంగనీసుతో కలిసి ఉంటుంది. బరువు మోస్తూ వంగి మళ్లీ నిలబడడానికి చేసిన ఉక్కు కనుక కత్తికి అది భేషైనది. ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా జాతీయ రహదారి పోతుంది, కాబట్టి విరిగిన కమాను పట్టీకి ఇక్కడ కరువు లేదు. విజయవాడ ఆటోనగర్ దాకా కూడా పోనక్కర్లేదు. కానీ ఏళ్ల తరబడి వంగిన పట్టీలో కంటికి కనబడని పగుళ్లు ఉండొచ్చు. అందుకే విరిగిన చోటికి దూరంగా ముక్క కోసుకోవాలి. అనుమానమొస్తే సానచక్రానికి ఆనించి రవ్వలు చూడాలి. మెత్తటి ఇనుము నుంచి పొడుగాటి గీతలు వస్తాయి. కార్బన్ ఎక్కువైన కొద్దీ రవ్వల చివర మతాబులా పువ్వులు విచ్చుకుంటాయి. స్టెయిన్‌లెస్ స్టీలును మొదట్లో ముట్టుకోవద్దు, దాని వేడి లెక్కలు కొలిమికి అందవు. జింకు పూత పూసిన ముక్కనైతే నిప్పులో అసలు పెట్టకూడదు, ఆ పొగ ఊపిరితిత్తులకు విషం.

లారీలు లేని కాలంలో మన కమ్మరికి ఉక్కు ఎక్కడిది? నాకీ ప్రశ్నకు జవాబు చాలా దగ్గర్లో దొరికింది. నూజివీడు దగ్గరి రమణక్కపేటలో ఇనుము కరిగించే పద్ధతిని ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హైన్ 1795 ప్రాంతంలో చూసి రాసిపెట్టాడు. సామర్లకోటలో కంపెనీ తోటను చూసుకున్నది ఆయనే. ఆ రచనను ధరంపాల్ 1971లో పద్దెనిమిదో శతాబ్దపు భారతీయ శాస్త్ర సాంకేతికాల మీద కూర్చిన పుస్తకంలో మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. నూజివీడు ప్రాంతం 2022లో ఏలూరు జిల్లాలో కలిసింది. అంటే ఈ జిల్లా నేలలోనే రాయిని ఇనుముగా మార్చిన చేతులు ఉండేవి. అదే 1795లో లండన్ రాయల్ సొసైటీలో జార్జ్ పియర్సన్ 'ఊట్జ్' మీద పత్రం సమర్పించాడు. కన్నడంలోనూ తెలుగులోనూ ఒకటే అయిన మన 'ఉక్కు' ఆంగ్లేయుల నోట అలా మారిందని పండితులు అంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు వండే తీరును హెన్రీ వాయ్సీ వర్ణించాడు, అది 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి పారశీక దేశపు ఇస్ఫహాన్ నుంచి వర్తకుడు వచ్చేవాడని అందులో ఉంది. మైకేల్ ఫారడే అంతటివాడు ఆ ఉక్కు గుట్టు విప్పాలని ఒక కత్తుల తయారీదారుతో కలిసి ప్రయోగాలు చేశాడు.

ఉక్కు అరుదైన ఆ రోజుల్లో కమ్మరి దాన్ని పొదుపుగా వాడేవాడు. అలుగంతా మెత్తటి ఇనుము, అంచుకి మాత్రం సన్నని ఉక్కు పట్టీ. రెండింటినీ వెలిగారమో ఇసుకో చల్లి, చెమర్చేదాకా కాల్చి, సమ్మెటతో ఒకటి చేసేవాడు. గొడ్డలికి ఉక్కు పెట్టించడమంటే ఇదే. కొత్తవాళ్లకు ఇది రెండో ఏటి పాఠం.

మొదటి ఏటి పాఠం నిప్పు. తోలుతిత్తి పోయి తిప్పుడు పంకా వచ్చింది, చాలాచోట్ల కరెంటు పంకా కూడా వచ్చింది. మారనిది బొగ్గు, చీకటి. కొలిమి పాక ఎప్పుడూ ఎందుకంత చీకటిగా ఉంటుందా అనుకునేవాణ్ణి. బీదరికం అనుకున్నాను. నిజానికి ఆ చీకటే ఆయన కొలమానం. ఎండలో ఇనుము రంగు మోసం చేస్తుంది. బాగా కాగిన ముక్క కూడా నల్లగానే కనిపించి, ఇంకా కాల్చమంటుంది. నీడలో అయితే దానిమ్మ గింజ ఎరుపు, పండుమిరప ఎరుపు, మోదుగపువ్వు రంగు, పసుపు, అన్నీ వేరువేరుగా చదవచ్చు. సుత్తి దెబ్బ పడాల్సింది మోదుగపువ్వు నుంచి పండుమిరప దాకా. దానిమ్మ గింజకు దిగిందంటే మళ్లీ కొలిమిలో పెట్టాలి. చల్లబడ్డ ముక్కను మొండిగా కొడితే లోపల చీలుతుంది. "నిప్పులో తెల్ల పువ్వులు రాలాయంటే ఆ ముక్క కాలిపోయినట్టే, పారెయ్" అంటారు తాతగారు.

ముందు మొన తీయాలి, తరవాత వెడల్పు. పిడిలోకి దిగే వెనక మొనను ఆఖర్న సాగదీయాలి. అంచు వైపు పల్చగా కొడుతుంటే అలుగు అరటికాయలా వెన్ను వైపు వంగిపోతుంది, ఎందుకంటే కొట్టిన వైపు సాగుతుంది, వెన్ను సాగదు. అది తెలిసినవాడు ముందే అలుగును అంచు వైపు కొద్దిగా వంచి మొదలుపెడతాడు. పల్చబడే కొద్దీ అది తనంతట తానే తిన్నగా వస్తుంది. దాగలి మీద సుత్తి అంచు పడితే పడిన చోటల్లా గుంట. ఆ గుంటలు తీయడానికి ఆకురాయితో రెండు రోజులు అరగదీయాలి. నేను మొదటి కత్తికి ఆకురాయి పట్టిన గంటలు లెక్కపెట్టుకుంటే సుత్తి పట్టిన గంటలకు పదింతలు తేలాయి. అంచును మరీ పల్చగా దించకూడదు. ముంచేముందు రెండు రూపాయల బిళ్ల మందమైనా ఉండాలి. కళ్లకు అద్దాలు, ఒంటికి నూలు బట్టలు తప్పనిసరి. నైలాను మీద రవ్వ పడితే చర్మానికి అంటుకుంటుంది.

సుత్తి పని అయ్యాక ఉక్కును శాంతపరచాలి. పండుమిరప ఎరుపుకి తెచ్చి గాలికి వదిలెయ్యడం, అలా మూడుసార్లు, ప్రతిసారీ ఇంకొంచెం తక్కువ వేడిలో. ఎక్కువ వేడి తిన్న ఉక్కును విరిచి చూస్తే లోపల బొంబాయి రవ్వలా గరుకుగా ఉంటుంది. అలాంటి కత్తి కింద పడినా విరుగుతుంది. ఈ మూడు కాగులూ ఆ రవ్వను మెత్తటి పిండిగా మారుస్తాయి.

ఇక పదును పట్టడం. కత్తి కథంతా ఈ నిమిషంలోనే ఉంది. తాతగారు అలుగును కాల్చి, అంచును మాత్రం రెండు వేళ్ల లోతు నీళ్లలో ముంచి బయటికి తీస్తారు. వెన్నులో వేడి ఇంకా ఉంటుంది. అంచును సానరాయి ముక్కతో చకచకా రుద్దుతారు. తెల్లగా మెరిసిన ఆ చారలోకి వెన్ను వైపు నుంచి రంగులు పాకుతూ వస్తాయి. ముందు వరిగడ్డి రంగు, వెనకే బెల్లం రంగు, దాని వెనక వంకాయ రంగు, ఆఖరికి నీలం. కావలసిన రంగు అంచును తాకగానే మొత్తం నీళ్లలో పెట్టేస్తారు. గట్టిదనం, ఓర్పు రెండూ ఒకే కాగులో, థర్మామీటరు లేకుండా.

ఆ విద్య చూసి నేనూ అలాగే చేశానని అనుకున్నాను. తొందరలో అలుగంతా తొట్టిలో ముంచాను. 'టిక్' మని చిన్న శబ్దం. ముక్క తీసి ఆయన చేతిలో పెడితే గోటితో అంచు తడిమి వెంట్రుకంత పగులు చూపించారు. ఒక్క మాట అనలేదు. మూడు వారాల పని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కమాను పట్టీ ఉక్కుకు నీళ్లు మరీ దురుసు. కొత్తవాళ్లు నూనెలో ముంచాలి. వేరుశనగ నూనె చాలు, చెయ్యి పెడితే చురుక్కుమనేంత వెచ్చచేసి, లోతైన ఇనప డబ్బాలో, మూత దగ్గర పెట్టుకుని, ఆరుబయట. ఎప్పుడు ముంచాలో చెప్పడానికి పాత స్పీకరులోని అయస్కాంతం ఉంది. సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కణ్ణించి ఇంకొక్క ఛాయ పైకి పోనిచ్చి ముంచాలి, మొన ముందుగా, నిలువుగా, పక్కలకు ఊపకుండా. గట్టిపడిందో లేదో ఆకురాయి చెబుతుంది. గాజు మీద జారినట్టు జారితే పదును పట్టినట్టు. అప్పుడు ఆ కత్తి నిజంగా గాజే, నేల మీద పడేస్తే రెండు ముక్కలు. దాన్ని వెంటనే ఓవెన్‌లో సుమారు 200 నుంచి 220 డిగ్రీల వేడిలో రెండేసి గంటలు రెండుసార్లు ఉంచాలి. కొరమీను కత్తికి వరిగడ్డి రంగు దాటి, తాడేపల్లిగూడెం మార్కెట్లో కొత్త బెల్లం రంగు వచ్చేలోపు ఆపాలి. బొచ్చె తల కొట్టే కత్తి అయితే ఇంకా ముందుకు, వంకాయ రంగు దగ్గరికి పోనివ్వచ్చు. దానికి వాడి కంటే ఓర్పు ముఖ్యం. ఏ చేపకి అని ఆయన మొదట్లో అడిగిన ప్రశ్న ఇక్కడికి వచ్చి తగులుతుంది.

సాన పట్టేటప్పుడు ప్రతి గీతకూ నీళ్లలో ముంచాలి. చక్రం మీద అంచు నీలంగా తిరిగిందంటే పట్టిన పదును పోయినట్టే. పిడికి తుమ్మ చెక్క, చివర ఇత్తడి పొన్ను. వెనక మొనను ఎర్రగా కాల్చి చెక్కలో దించితే తన కన్నం తానే చేసుకుంటుంది. ఆ కన్నంలో లక్క కరిగించి పోసి దించేస్తే కదలదు. వార్నీషు వద్దు, చేప జిగురు తగిలితే చేతిలోంచి జారుతుంది. అవిసె నూనె రుద్దితే చాలు.

ఒకప్పుడు ఈ పనికి ఊరు కమ్మరికి ఏటా ధాన్యంలో మేర కొలిచేది. నాగటి కర్రు సాగదీసినందుకూ, కొడవలికి కక్కు కొట్టినందుకూ. ట్రాక్టరు కర్రును తీసుకుపోయింది, కోత మిషను కొడవలిని తీసుకుపోయింది. తాతగారి దగ్గరికి ఇప్పుడు వచ్చేవి చేపల చెరువుల పనులు, ఐసు కొట్టే గునపాలు, కత్తిపీటలు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం కమ్మరి పనిని గుర్తించిన 18 వృత్తుల్లో చేర్చింది, పనిముట్లకు 15 వేల రూపాయల దాకా సాయం ఇస్తుంది. మంచిదే. కానీ ఆయన కొడుకు లారీ నడుపుతాడు, మనవడు ఇంజనీరింగ్ చదువుతానంటాడు. తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్ఐటీ వచ్చింది, లోహశాస్త్ర విభాగం కూడా ఉంది. అక్కడి పిల్లలు సూక్ష్మదర్శినిలో చూసే మార్టెన్‌సైట్ అనే గట్టి ఉక్కు రూపం ఈ చీకటి పాకలో బెల్లం రంగు పేరుతో రోజూ పుడుతోంది. ఒక సెమిస్టరులో వారం రోజులు వాళ్లని ఇక్కడ కొలిమి దగ్గర కూర్చోబెడితే బాగుండునని నాకు గట్టిగా ఉంది. ఆ కంటికున్న లెక్క ఆయనతో పోకముందే ఎవరో ఒకరు నేర్చుకోవాలి.

నాలుగో కత్తి నిలిచింది. మా అమ్మ ఏడాదిన్నరగా దానితోనే కొరమీను కోస్తోంది. మొన్న సంక్రాంతికి తీసుకెళ్లి తాతగారికి చూపించాను. వెన్ను వెంట ఒక కన్ను మూసి చూశారు, దాగలి మీద చిన్నగా తట్టి చెవి ఒగ్గారు. "మొన కాస్త ఎడమకి తిరిగింది. కొరమీనుకి పరవాలేదు." లోపలికి వెళ్లి అర మూర కమాను పట్టీ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. ఇంతకు ముందు వాడినవాటికి రెండింతలు మందం ఉంది.

"ఈసారి బొచ్చెకి" అన్నారు.